దారికూలి

పెద్ద ఎండలు, మొదటి వారం. మంగళవారం

పొద్దున్నే గాలిగొట్టాల జల్లెళ్లు విప్పి దులిపాను. రాత్రి వీచిన వడగాలికి ఎర్రమట్టి పిండిలా దిగి ఉంది. పిలుపుగంట మోగించి చూశాను, పలుకుతోంది. సెగలోకి దిగేటప్పుడు వేసుకునే చలవకోట్ల డబ్బాల్లో ఐసు నింపి కొక్కేలకు తగిలించాను.

ఎండకు ఓర్వలేక నేల కింద కట్టుకున్న మా నాపవీధి చలవదళంలో ఎవరిని ఏ పనికి పిలవాలో చూసేది నేను. మోకాలు పాడవక ముందు నేనూ కోటు వేసుకుని, ఫ్యాన్లు ఆగి ఉక్కతో నిండిపోయిన ఇళ్లలోకి దూరి మనుషుల్ని మోసుకొచ్చినదాన్నే. ఇప్పుడు ఊళ్ల మాటలు వినిపించే తీగ దగ్గర బల్ల ముందు కూర్చుంటున్నాను. అందరూ ఉరుకుందక్కా అంటారు.

టీ తాగుతుండగా గనిపాళెం తీగ మోగింది. అక్కడి పెద్ద ఫ్యాను మళ్లీ మొరాయించిందట. గనిపాళెం ఒకప్పటి సున్నపురాయి గని, ఇప్పుడు దాని లోపల వరసలుగా ఇళ్లు. అడుగు వరసల్లో ఉన్న ఇళ్లకు ఆ ఫ్యాను తప్ప వేరే గాలి లేదు. వాళ్ల దళం చాలనప్పుడల్లా మా దళంలో సెలవులో ఉన్నవాళ్లను అదనపు డ్యూటీకి పిలుస్తాను. ఇవాళ మద్దిలేటిని, కాశీంబీని పిలిచాను.

మా సొరంగం గనిపాళెం దాకా లేదు. కొండ వారగా పాత తారురోడ్డు మీద ఆరుబయట నడిచి వెళ్లాలి. చల్లబండి ఉన్నది ఒక్కటే, అది రోగులకు. కాబట్టి నెత్తిన తడిగోనె కప్పుకుని నడుస్తారు. గనిపాళెం గుమ్మంలో ఒక స్తంభం ఉంది. దానికి మణికట్టు పట్టీ ఆనించిన క్షణం నుంచి డ్యూటీ. కూలి అప్పటినుంచే, కోటు ఇచ్చేది అప్పుడే. పట్టీ సెగను లెక్కపెట్టడం మొదలెట్టేదీ అప్పుడే. పట్టీ దీపం పచ్చగా ఉంటే మనిషిని లోపలికి పంపవచ్చు. పసుపైతే కూర్చోబెట్టాలి. ఎర్రబడితే ఇంటికి పంపాలి. దారిలో తగిలిన ఎండ మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

మద్దిలేటి బయల్దేరే ముందు నా బల్ల దగ్గర ఆగాడు. రోజూ వచ్చే డ్యూటీకి సొంత వీధిలోంచి వస్తాం, దానికి కూలి ఇమ్మని ఎవరూ అడగలేదన్నాడు. "సెలవు పొద్దు మీరు పిలిస్తే మీ పనికోసరం ఎండలో పడి పోతాండాము. ఆ నడక ఎవురి పనక్కా?"

దళమంతా కలిసి దారికూలి ఇమ్మని ఊళ్ల పాలన చూసే మండలికి అర్జీ పెట్టుకున్నారు. శుక్రవారం విచారణ. అక్కడ అడుగుదువులే అన్నాను. కాశీంబీ గోనె తడుపుకుంటూ నవ్వింది. మా అక్క మాపక్షమే, మోకాలు సాక్ష్యం చెప్తాది అంది.

గురువారం

శేషఫణిగారు వచ్చారు. మూడు ఊళ్ల చలవదళాలకూ ఆయనే అధికారి. గొంతు పెంచడం ఎరగని మనిషి. మజ్జిగ ఇస్తే సగం తాగి మిగతాది నాకే తోశారు, ఎండల్లో మీకూ కావాలి కదా అంటూ.

రేపు మండలి ముందు పిలుపులు చూసేవాళ్లలో ఒకరు మాట్లాడాలట. నన్ను మాట్లాడమన్నారు. దారిని డ్యూటీగా ఒప్పుకుంటే కూలి ఒక్కటే కాదు, దారి ఎండ కూడా పట్టీలో పడుతుందని చెప్పారు. మనిషి గనిపాళెం చేరేసరికే దీపం పసుపు రంగుకు తిరుగుతుంది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టాలి. ఆలోపు అడుగు వరసల్లో ఉన్నవాళ్ల గతేమిటి? ఇంకో జట్టును పెట్టుకుందామంటే మనుషులేరి?

ఆయన అన్నది అబద్ధం కాదు. అది నాకూ తెలుసు.

వెళ్లేముందు ఇంకో మాట అన్నారు. "మీరు ఆ దారిలో ఏళ్ల తరబడి నడిచారు ఉరుకుందమ్మా. మీరు చెబితే విలువ వేరు."

ఆ మాట నాకు నచ్చింది. బల్ల దగ్గర కూర్చున్నప్పటి నుంచి నా మాటకు విలువ ఉందని ఎవరూ అనలేదు.

శుక్రవారం

మండలి సభ మూడో ఊరు పైకోటలో. నన్ను తీసుకెళ్లడానికి చల్లబండి వచ్చింది. వెనక మంచం తీసేసి కుర్చీ వేశారు. కిటికీకి నల్లద్దం. కొండ మలుపులో మా దళంవాళ్లు గోనెలు కప్పుకుని నడుస్తూ కనిపించారు, సభకే వస్తున్నారు. బండి వాళ్లను దాటుకుని వెళ్లింది. ఆపమనాలని తోచింది. డ్రైవరు ఎవరో కొత్తవాడు, నేను ఆపమంటే ఆపుతాడో లేదో అనుకుంటూ ఉండగానే మలుపు తిరిగిపోయింది.

మద్దిలేటి ముందు మాట్లాడాడు. చెమట ఇంకా ఆరలేదు. బాగానే చెప్పాడు కానీ మధ్యలో మాట తప్పిపోయి, నీళ్లు తాగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

తర్వాత నేను. శేషఫణిగారు చెప్పినవన్నీ నా మాటల్లో చెప్పాను. అంతటితో ఆపవలసింది. సభ శ్రద్ధగా వింటుంటే ఊపు వచ్చింది. మా కాలంలో మేమూ నడిచాం, ఎవరం కూలి అడగలేదు, ప్రాణాలు కాపాడేవాడు అడుగులు లెక్కపెట్టుకోడు అనేశాను. చప్పట్లు కొట్టారు. మా కాలంలో దారి పొడుగునా తుమ్మచెట్లు ఉండేవని, రోడ్డు ఇంతగా కాగేది కాదని చెప్పలేదు. మర్చిపోయి కాదు.

అర్జీ కొట్టేశారు. దారి డ్యూటీ కాదు.

బయట గుమ్మం దగ్గర కాశీంబీ గోనె తడుపుకుంటోంది. నేను పక్కనుంచి పోబోతే తలెత్తింది. కోపం లేదు ముఖంలో.

"నిన్ను బండి పెట్టి పిలిపించినారు గదక్కా" అంది.

 ఈ సభకు వెళ్లి వచ్చినందుకు నాకు పూట కూలి కూడా కట్టారు. ఇల్లు కదిలినప్పటి నుంచి.

రెండో వారం. ఆదివారం

ఎవరూ నాతో పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. పిలిస్తే సరేనక్కా అంటారు, గోనె తీసుకుంటారు, వెళ్తారు. మునుపు కాశీంబీ ఇంటినుంచి వచ్చేటప్పుడు గిన్నెలో ఏదో ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టేది, జొన్నరొట్టె ముక్కో, ఊరుబిండి పచ్చడో. ఇప్పుడు తన గిన్నె తను తీసుకుని జల్లెళ్ల గదిలో కూర్చుని తింటోంది.

గనిపాళెం ఫ్యానుకు కొత్త రెక్కలు వస్తున్నాయన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

బుధవారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి. రేపటికి నా మనసు దీన్ని ఇంకో రకంగా మార్చుకుంటుంది.

మిట్టమధ్యాహ్నం గనిపాళెం ఫ్యాను పూర్తిగా ఆగిపోయింది. కాశీంబీకి సెలవు. పిలిస్తే, పప్పు పొయ్యి మీదుంది, దించి వస్తానంది. మద్దిలేటితో కలిసి బయల్దేరింది. ఆమె భర్త దస్తగిరి గుమ్మం దాకా వచ్చి గోనె మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడట. ఈ సంగతి తర్వాత తెలిసింది.

కొంతసేపటికి వాళ్ల పట్టీల రంగు చూపే దీపాలు రెండు నా బల్ల మీద పచ్చగా వెలిగాయి. గనిపాళెం చేరారు. మద్దిలేటి కోటు తొడుక్కుని అప్పటికే అడుగు వరసకు దిగాడు. తీగలో కాశీంబీ గొంతు వినిపించింది.

"అక్కా, తల తిరుగుతాండాది. రవ్వంతసేపు కూచోని పోతా."

వెనక ఎవరో అరుస్తున్నారు, చివరింట్లో పిల్లలున్నారని. నేను దీపం చూశాను. ఆమె మాట విన్నాను. విని, దీపం చూశాను.

"పచ్చగానే ఉంది గదా కాశీంబీ. లోపల పిల్లోళ్లు ఉండారు. పో" అన్నాను.

సరే అంది. 

ఇద్దరు పిల్లల్ని ఆమే మోసుకొచ్చింది. వాళ్ల అవ్వ కోసం మళ్లీ దిగింది. మెట్ల మీద పడిపోయింది. మద్దిలేటి ఆ ముసలమ్మను పైకి చేర్చి, తిరిగి వెళ్లి కాశీంబీని ఈడ్చుకొచ్చాడు. ఆమె పడిపోయినప్పుడు కూడా నా బల్ల మీద దీపం పచ్చగానే ఉంది.

పిల్లల కోసమే పొమ్మన్నానని రాయబోయాను. కొంత అదే. మిగతాది ఇది: పోయిన శుక్రవారం అంత మందిలో దారి ఒక లెక్కా అన్నాను. దారిలోనే అలిసిపోయానని ఆమె అంటే, కూర్చో అని నేను అంటే, నా మాట నేనే కాదన్నట్టవుతుంది. దీపం చూస్తున్నప్పుడు నాకు అదే తోచింది.

శనివారం

కాశీంబీ బతికింది. ఒళ్లు చల్లబరచడానికి రాత్రంతా ఐసులో ఉంచారట. కుడిచేయి వణుకుతోంది. నాలుక మొద్దుబారి మాట తేలడం లేదు. మళ్లీ ఎండలోకి వెళ్లే మనిషి కాదన్నారు డాక్టరు.

శేషఫణిగారు విచారణకు వచ్చారు. దీపం పచ్చగా ఉండగా మనిషి ఎలా పడిపోయింది అన్నది ప్రశ్న. లోపలికి దిగేముందు ఆమె తీగలో ఏదో మాట్లాడిందని గనిపాళెం గుమ్మం దగ్గరి మనిషి చెప్పాడు. ఏమందో అతనికి తెలియదు, గోలగా ఉంది. నన్ను అడిగారు.

"తీగలో ఒకటే గరగర సార్. ఏమీ వినపడలేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆయన తలూపారు. ఆయనకూ అదే కావాలో, నిజంగా నమ్మారో ముఖం చూస్తే తెలియలేదు.

సాయంత్రానికి తేల్చేశారు. దారి డ్యూటీ కాదు కాబట్టి దాని ఊసు రాదు. కోటులో లోపం లేదు, పట్టీలో లోపం లేదు. ఒంట్లో బాగాలేదన్న మాట తీగలో అందకుండానే దిగినందువల్ల తప్పు మనిషిదే. వైద్యం ఖర్చు దళానిది. జీవితాంతం ఇచ్చే భృతి ఉండదు.

దస్తగిరి మా దళం స్టేషన్‌కు వచ్చి ఆమె గిన్నె, చెప్పులు తీసుకున్నాడు. విచారణవాళ్లు ఆమె దగ్గరికీ వెళ్లారట. ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పిందట. నేను చెప్పినా, తీగ బాగలేక అక్కకు వినపడినట్టు లేదు, పో అన్న మాటే నాకు వచ్చింది అని.

"అక్క వినింటే కూచోమనేదే అన్నాది" అన్నాడు దస్తగిరి. నన్ను ఓదార్చడానికి అన్నాడు ఆ మాట.

మూడో వారం. సోమవారం

ఆమె ఇంటికి వెళ్లాను. ముందే వెళ్లవలసింది. వాళ్ల గది మా వీధి చివర, గాలిగొట్టం మలుపులో. దస్తగిరి రొట్టెలు చేస్తున్నాడు, గుండ్రంగా రావడం లేదు. కాశీంబీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేయి వణకకుండా ఒడిలో దిండు పెట్టి దాని మీద ఆనించుకుంది.

నేను మోకాలి సంగతి, ఫ్యాను సంగతి ఏవేవో మాట్లాడాను. ఆమె వింటోంది. పిల్లల అవ్వ కోలుకుందని, వాళ్ల ఇంటినుంచి బెల్లం పంపారని దస్తగిరి అన్నాడు. తర్వాత నీళ్లకని బయటికి వెళ్లాడు.

అతను వెళ్లాక ఆమె అడిగింది. ఒక్కో మాటకూ ఆగి, కూడదీసుకుని.

"ఆ పొద్దు... నా మాట... వినపడిందా?"

లేదంటే అక్కడితో అయిపోయేది. ఆమె అప్పటికే నా మీద తప్పు మోపకుండా వదిలేసింది. నేను ఊరుకుంటే చాలు.

"వినపడింది" అన్నాను.

నన్ను చూసింది. కన్నీళ్లు రాలేదు ఆమెకు. నేను ఏడిస్తే అది కూడా నా కోసమే అవుతుందని బిగపట్టుకున్నాను. క్షమించమని అనబోయాను. ఆమె ఎడమచేయి ఎత్తి ఆపింది.

"నాకు గాదు... ఆడ చెప్పు."

గురువారం

ముందు శేషఫణిగారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. చెబితే మీ బల్ల పోతుందన్నారు. తెలుసన్నాను. అడుగు వరసలవాళ్ల గురించి మీరు సభలో చెప్పింది అబద్ధం కాదు కదా అన్నారు. కాదన్నాను. ఆ పిల్లలు బయటికి వచ్చింది ఆమె కూర్చోకుండా వెళ్లినందువల్లే కదా అన్నారు. అదీ నిజమే అన్నాను. అదే నాకు రాత్రిళ్లు అర్థం కాకుండా మిగిలిపోతున్న ముక్క. ఆమె కూర్చుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియనప్పుడు, అది తెలిసినట్టు ఆమె ఒంటితో పందెం వేశాను. అంతవరకే నాకు తెలుసు.

ఆయన నన్ను ఆపలేదు. మండలికి కబురు కూడా ఆయనే పంపారు.

శుక్రవారం

అదే సభ. దళంవాళ్లంతా వెనక వరసలో ఉన్నారు. దస్తగిరి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముందే రాసుకున్న మాటలేవీ చెప్పలేకపోయాను. తీగ బాగానే ఉందని చెప్పాను. కాశీంబీ తల తిరుగుతోందని, కాసేపు కూర్చుంటానని అడిగిందని, నేను విన్నానని, పొమ్మన్నానని చెప్పాను. విచారణలో అబద్ధం ఆడానని చెప్పాను.

మండలిలో ఒక పెద్దావిడ ఎందుకు పొమ్మన్నావని అడిగింది.

"దారి ఒక లెక్క కాదని మీ ముందరే చెప్పింటి గదమ్మా. ఆమెను కూచోబెడితే నా మాట పోతాదని" అన్నాను.

 పోయినసారి చప్పట్లు కొట్టినవాళ్లు కొందరు తలలు దించుకున్నారు. నేను వాళ్ల వైపు చూడలేదు, తుమ్మచెట్ల సంగతి కూడా చెప్పి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. అదనపు డ్యూటీకి పిలిచిన మనిషికి ఇల్లు దాటినప్పటి నుంచి డ్యూటీయే. కూలి అక్కడినుంచే, కోటు అక్కడినుంచే, పట్టీ లెక్క అక్కడినుంచే. ఈ పెద్ద ఎండలు దాటేదాకా ఇలా నడిపి, తర్వాత మళ్లీ కూర్చుని చూస్తారట. డబ్బు ఎక్కడినుంచి తేవాలో శేషఫణిగారు చూడాలి. కాశీంబీకి భృతి ఇస్తారు. నన్ను బల్ల నుంచి తీసి జల్లెళ్ల పనికి పంపారు. కొత్త మనిషికి పని నేర్పేదాకా మాత్రం ఉండమన్నారు.

బయటికి వచ్చాక మద్దిలేటి నా పక్కన కొంతదూరం నడిచాడు.  ఎండలో ఇద్దరం ఒక గోనె కింద నడిచాం. మా వీధి మెట్లు రాగానే గోనె నాకే వదిలి ముందుకు వెళ్లిపోయాడు.

ఆదివారం

కాశీంబీకి చెప్పాలని వెళ్లాను. దస్తగిరి తలుపు సగం తెరిచాడు. లోపల ఆమె మేలుకునే ఉంది, గిన్నె కదిలిన చప్పుడు వినిపించింది.

అతను గొంతు తగ్గించి అన్నాడు. "చెప్పినందుకు మంచిదాయ అన్నాదక్కా. ఇంట్లేకి మాత్రం రావద్దన్నాది."

సరేనన్నాను. అతనికే ఇబ్బందిగా ఉంది, తలుపు వేయలేక నిలబడ్డాడు. నేనే ముందు తిరిగాను.

దారిలో అనుకున్నాను, ఆమె కాస్త మెత్తబడితే నాకు తేలికయ్యేదని. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది. ఆమె చేయి వణుకుతూ ఉండగా నాకు తేలిక కావాలా?

నాలుగో వారం. బుధవారం

నా బల్ల మద్దిలేటికి ఇచ్చారు. పక్కన స్టూలు మీద కూర్చుని చూపిస్తున్నాను, ఏ మీట ఏ ఊరిదో, గంట ఎంతసేపు మోగించాలో. త్వరగా పట్టుకుంటున్నాడు.

పొద్దెక్కాక గనిపాళెం తీగ మోగింది. కొత్త రెక్కలు బిగించారు కానీ మోటారు కాలిపోయిందట. సెలవులో ఉన్న సుంకులమ్మను పిలిచాడు. ఆమె కోటు వేసుకుని, పట్టీ మా వీధి గుమ్మంలోని స్తంభానికే ఆనించి బయల్దేరింది. ఆ దీపం దారి పొడుగునా నా కళ్ల ముందు పచ్చగా వెలుగుతూ, గనిపాళెం చేరబోయేముందు పసుపైంది. కోటు వేసుకుని నడిచినా పసుపే అయింది.

"కూచో సుంకులమ్మా. నేను చెప్పినాకే లెయ్యి" అన్నాడు మద్దిలేటి.

వెనక గొంతులు మొదలయ్యాయి. అడుగు వరసలో ఒక ముసలాయన ఉన్నాడు. గనిపాళెం దళంవాళ్లు ఇంకో ఇంట్లో ఉన్నారు, రావడానికి కాసేపు పడుతుంది. కూర్చుందేమిటి ఆమె అని ఎవరో తీగలోకే అరిచారు. సుంకులమ్మ, పోయేదా అన్నా అని అడిగింది. మద్దిలేటి నుదుటిన చెమట పట్టింది. వద్దన్నాడు.

నా చేయి లేచింది. నేను లేపలేదు, మీట వైపు అదే పోయింది. పో అనడానికి నోరు కూడా తెరిచాను. మద్దిలేటి నా చేతిని చూశాడు. చేయి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. తీగలో అరుపులు ఆగలేదు. ఆ పసుపు దీపం ఎంతకీ మారలేదు.

మారాక, ఆమె దిగింది. ముసలాయన్ని వీపు మీద వేసుకుని వచ్చింది. ఊపిరి ఆడుతోంది. ఇద్దరికీ నీళ్లు ఇచ్చారు.

మద్దిలేటి బల్ల మీద తల ఆనించాడు. ఆ ముసలాయన బతక్కపోయి ఉంటే ఇవాళ నేను ఇక్కడ ఏం రాసేదాన్నో నాకు తెలియదు. మద్దిలేటికి టీ పెట్టి ఇచ్చి, చీపురు తీసుకుని జల్లెళ్ల గదిలోకి వెళ్లాను.